గ్రీన్‌కార్డు పెండింగ్‌లో ఉంటే హనీమూన్ ఎక్కడికి?

అమెరికాలో చదువుకుంటూనో, ఉద్యోగం చేస్తూనో అక్కడి పౌరులను పెళ్లి చేసుకునే తెలుగువాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. పెళ్లవగానే గ్రీన్‌కార్డుకు దరఖాస్తు పెడతారు, ఆ వెంటనే హనీమూన్‌కు టికెట్లు తీసుకుంటారు. మొదటి పని లాయరును అడిగి చేస్తారు. రెండోదానికి ఎవరినీ అడగాలని తోచదు. చిక్కు అక్కడే వస్తుంది. దరఖాస్తు తేలేదాకా దేశం దాటే ప్రతి ప్రయాణానికీ చట్టంతో పని ఉంటుంది. గ్రీన్‌కార్డు గానీ, ముందస్తు ప్రయాణ అనుమతి గానీ చేతికి రాకుండా విదేశీ హనీమూన్ పెట్టుకోకపోవడమే మంచిదని చెప్పడానికి గట్టి కారణాలే ఉన్నాయి.

అమెరికా పౌరుల భార్యకు లేదా భర్తకు ఇచ్చే గ్రీన్‌కార్డులకు ఏటా ఇన్నే అన్న కోటా లేదు. దేశంలోకి సక్రమంగా వచ్చినవారు, పౌరులైన జీవిత భాగస్వామి వేసే ఐ-130 పిటిషన్‌తో పాటే గ్రీన్‌కార్డు కోరే తమ ఐ-485 దరఖాస్తునూ దాఖలు చేసి, అక్కడే ఉండి ఫలితం కోసం ఎదురు చూడవచ్చు. దేశంలో ఉన్నవారికి మాత్రమే ఇచ్చిన వెసులుబాటు ఇది. బయట ఉన్నవారు కాన్సులేట్ ద్వారా ఇమ్మిగ్రెంట్ వీసా తెచ్చుకోవాలి. అందుకే ఐ-485 పెండింగ్‌లో ఉండగా అనుమతి లేకుండా దేశం విడిచి వెళ్తే, ఆ దరఖాస్తును వదులుకున్నట్టే లెక్కగడతారని ఇమ్మిగ్రేషన్ నిబంధనలు చెబుతున్నాయి. వెళ్లింది వారానికా, ఒక్క పూటకా అన్నదాంతో పని లేదు. కట్టిన ఫీజూ తిరిగి రాదు.

అయితే దేశం దాటడం అంటే ఏమిటి? ఇమ్మిగ్రేషన్ చట్టం దృష్టిలో అమెరికా అంటే ప్రధాన భూభాగం, అలాస్కా, హవాయి, ప్యూర్టో రికో, గువాం, యూఎస్ వర్జిన్ దీవులు, ఉత్తర మరియానా దీవులు. కొత్త జంట హవాయికో, ప్యూర్టో రికోకో నేరుగా వెళ్లి నేరుగా వస్తే దరఖాస్తుకు ఇబ్బంది లేదు. అమెరికా జెండాయే ఎగిరే అమెరికన్ సమోవా మాత్రం ఈ నిర్వచనంలో లేదు. వర్జిన్ దీవుల్లో సెయింట్ థామస్ దాకా వెళ్లినవారు సరదాగా పడవెక్కి పక్కనున్న టోర్టోలాకు వెళ్తే బ్రిటిష్ భూభాగంలో అడుగుపెట్టినట్టే. నయాగరాను న్యూయార్క్ వైపు నుంచి చూడటం వేరు, రెయిన్‌బో వంతెన దాటి కెనడా వైపు వెళ్లడం వేరు. సియాటిల్ నుంచి అలాస్కాకు వెళ్లే పెద్ద క్రూజ్ నౌకలు మామూలుగా కెనడాలోని విక్టోరియాలాంటి రేవులో ఆగుతాయి. విదేశీ నౌకలు మధ్యలో ఏ విదేశీ రేవునూ తాకకుండా అమెరికా రేవుల మధ్యే ప్రయాణికులను చేరవేయకూడదన్న 1886 నాటి చట్టమే దీనికి కారణం. టికెట్ మీద అలాస్కా అని ఉన్నంత మాత్రాన ప్రయాణమంతా అమెరికాలోనే సాగుతుందని అనుకోకూడదు.

పాస్‌పోర్టులో వీసా ఇంకా చెల్లుబాటులోనే ఉంది కదా, దాంతో తిరిగి రావచ్చు కదా అని కొందరు వాదిస్తారు. హెచ్-1బి, ఎల్-1 ఉద్యోగుల విషయంలో, హెచ్-4, ఎల్-2పై ఉన్న వారి కుటుంబసభ్యుల విషయంలో ఈ మాట చాలావరకు నిజం. స్టేటస్ సక్రమంగా ఉండి, చెల్లే వీసాతో తిరిగివస్తే వారి ఐ-485 అలాగే ఉంటుంది. ఉద్యోగులైతే తిరిగొచ్చి అదే సంస్థలో పని కొనసాగించాలి. వీసా స్టాంపు గడువు తీరినవారు మళ్లీ కాన్సులేట్‌కు వెళ్లాల్సిందే. ఎఫ్-1 మీద చదువుతున్నవారికీ, ఓపీటీ అనే శిక్షణ అనుమతిపై పనిచేస్తున్నవారికీ, బి-2 విజిటర్లకూ ఈ మినహాయింపు లేదు. పెళ్లి కోసమే హైదరాబాద్ నుంచో, విజయవాడ నుంచో కె-1 వీసా మీద వచ్చినవారికీ లేదు. ఆ వీసాతో ఒక్కసారే ప్రవేశం. 90 రోజుల్లో పెళ్లి చేసుకుని, తర్వాత ఐ-485 వేయాలి.

వీరందరికీ ఉన్న దారి అడ్వాన్స్ పెరోల్, అంటే ముందస్తు ప్రయాణ అనుమతి. ఐ-131 ఫారం ద్వారా దీన్ని అడగాలి. అడిగితే చాలదు, అనుమతి పత్రం చేతికి వచ్చాకే బయల్దేరాలి. ఆ పత్రం ఉన్నా తిరిగి రానివ్వడం విమానాశ్రయంలోని అధికారి విచక్షణపైనే ఆధారపడి ఉంటుంది. గడువు మీరి ఉండిపోయినవారు మరింత జాగ్రత్తపడాలి. చట్టవిరుద్ధంగా 180 రోజులు దాటి ఉండి దేశం విడిస్తే మూడేళ్లు, ఏడాది అంతకుమించి ఉంటే పదేళ్లు తిరిగి రాకుండా నిషేధం పడుతుంది. అడ్వాన్స్ పెరోల్‌పై వెళ్లిరావడం ఈ పదేళ్ల నిషేధం కిందికి రాదని ఇమ్మిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు 2012లో ఒక భారతీయ దంపతుల కేసులో తీర్పిచ్చింది. అయినా ఇలాంటివారు లాయరుకు తమ చరిత్రంతా చెప్పకుండా కదలడం సాహసమే.

హనీమూన్‌కే వెళ్లకపోతే పెళ్లి నిజమైందని అధికారి నమ్ముతాడా అన్నది మరో సందేహం. హనీమూన్‌కు వెళ్లాలని ఏ చట్టమూ అడగదు. కలిసి బతకాలనే ఉద్దేశంతో పెళ్లి చేసుకున్నారా లేదా అన్నదే పరీక్ష. ఇద్దరి పేర్ల మీదున్న అద్దె ఒప్పందం, ఉమ్మడి బ్యాంకు ఖాతా, కలిసి వేసిన పన్ను రిటర్నులు, బీమాలో నామినీగా రాసుకున్న పేరు గట్టి సాక్ష్యాలు. ఫొటోలు వాటికి తోడు మాత్రమే. అవి బాలిలో తీసినవైనా హవాయిలో తీసినవైనా విలువ ఒకటే. ఉత్తుత్తి పెళ్లి అని తేలితే అయిదేళ్ల వరకు జైలు, రెండున్నర లక్షల డాలర్ల వరకు జరిమానా పడవచ్చు. ఆ తర్వాత ఎవరు పిటిషన్ వేసినా ఆమోదించకుండా చట్టం అడ్డుపడుతుంది.

పౌరుల జీవిత భాగస్వామిని ఇలా కట్టిపడేయడం అన్యాయం కాదా అని అడగవచ్చు. ఇంటి దగ్గర అమ్మానాన్నలు రిసెప్షన్ పెట్టుకుని ఎదురుచూస్తుంటే బాధ ఉంటుంది, కాదనలేం. కానీ చట్టం దారి మూసేయలేదు, వెళ్లేముందు అడగమంది. ఇంట్లో ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే అత్యవసర అనుమతి కోరే వీలూ ఉంది. తెలియక వెళ్లిపోయినవారికి కూడా అన్నీ అయిపోయినట్టు కాదు. ఐ-485 పోయినా ఐ-130 పిటిషన్ బతికే ఉంటుంది. నిషేధాలేవీ లేకపోతే కాన్సులేట్ ద్వారా వీసా తెచ్చుకోవచ్చు. కాకపోతే ఆ నిరీక్షణంతా కొత్తగా పెళ్లయినవాళ్లు చెరో దేశంలో ఉండి గడపాలి.

కాబట్టి టికెట్ తీసుకునే ముందు మీ ప్రస్తుత స్టేటస్ ఏమిటో, అడ్వాన్స్ పెరోల్ పత్రం చేతిలో ఉందో లేదో, దారిలో విమానం గానీ ఓడ గానీ మరో దేశంలో ఆగుతుందేమో చూసుకోండి. ఏ ఒక్కదానిపై అనుమానం ఉన్నా లైసెన్సున్న ఇమ్మిగ్రేషన్ లాయరును సంప్రదించండి. అనుమానం తీరకపోతే, ఇప్పటికే కొన్న విదేశీ టికెట్లు రద్దు చేసుకోండి. పోయేది టికెట్ డబ్బు మాత్రమే.