పాటలీపుత్రమునకు మూడు భయములు

మగధామాత్యులు వజ్జులను నిలువరించుటకై గంగాతీరమందలి పాటలీగ్రామమున కోట కట్టించుచుండగా బుద్ధభగవానుడు అచటికి వచ్చెను. ఈ పల్లె మహానగరమగుననియు, కాని దానికి నిప్పువలన, నీటివలన, అంతఃకలహమువలన భయము గలదనియు ఆయన పలికినట్లు మహాపరినిబ్బానసుత్తము తెలుపుచున్నది.

కాలక్రమమున ఆ పల్లెయే మౌర్యుల రాజధాని పాటలీపుత్రమయ్యెను. గంగాశోణా సంగమమున నుండుటచే దానికి నదులే సగము రక్ష. సా.శ.పూ. 300 ప్రాంతమున వచ్చిన యవన రాయబారి మెగస్తనీసు దాని ప్రాకారమునకు 64 ద్వారములను, 570 బురుజులను చెప్పెను. ఆ ప్రాకారము కొయ్యది! అంతటి చక్రవర్తికి ఇటుక కరవా యని మనకు తోచును. వానలకు, వరదలకు ఇటుక నిలువదు గనుక నదీతీరపురములను కొయ్యతో కట్టుదురని అతని గ్రంథమునుండి ఇతరులు ఉదాహరించిన భాగములలో నున్నది. నీటికి వెరచి కొయ్యను ఆశ్రయించిరి. కొయ్యకు నిప్పు భయము. ఒక భయమును తప్పించుకొనబోయి రెండవదానిని ఇంటికి తెచ్చుకొనుట యన్న నిదియే.

మూడవది లోపలినుండి వచ్చెను. సా.శ.పూ. 185 ప్రాంతమున కడపటి మౌర్యుడు బృహద్రథుని అతని సేనాపతి పుష్యమిత్రుడే వధించెను. ఆ హత్యను ఏ నదియు, ఏ బురుజును ఆపలేదు.

శోణానది తరువాత పడమటికి తొలగిపోయినది. నేడది పాట్నాకు ఎగువన మనేరు సమీపమున గంగలో కలియుచున్నది. ఆ కొయ్య ప్రాకారపు దుంగలు మాత్రము 20వ శతాబ్దిలో బులందీబాగు త్రవ్వకములయందు భూమిలోనుండి బయటపడినవి.