అడగవే బుజ్జీ

రాజమండ్రి,
12 అక్టోబరు 2025.

చిరంజీవి బుజ్జికి పిన్ని ఆశీస్సులు.

బాబాయికి మోకాలి నొప్పి కాస్త తగ్గింది. పొద్దున్నే గోదావరి గట్టు దాకా నడిచి వస్తున్నారు. నువ్వు దీపావళికి రావడం లేదని మీ అమ్మ చెప్పింది. కోపం వచ్చింది. సినాప్సిస్ పనిలో ఉన్నావని చెప్పాక పోయింది. ఫోన్ ఉండగా ఉత్తరమెందుకంటావా? ఫోన్లో ఏం చెప్పినా "సరే పిన్నీ, సరే పిన్నీ" అంటావు. రెండో "సరే"కే నీ మనసు అక్కడ లేదని నాకు తెలిసిపోతుంది. కాగితమైతే సొరుగులో పడి ఉంటుంది. ఎప్పుడో ఒకప్పుడు తీసి చదువుతావు.

మొన్న నువ్వన్న మాట ఒకటి నన్ను వదలడం లేదు. "లైబ్రరీకి వెళ్ళి ఏం లాభం పిన్నీ, సీటే దొరకదు. గ్రూప్స్‌కి చదివేవాళ్ళు పొద్దున్నే వచ్చి కూర్చుంటారు. నాకు కావలసినవన్నీ ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాయి" అన్నావు. గ్రంథాలయోద్యమం మీద పీహెచ్‌డీ చేస్తున్న పిల్ల అనాల్సిన మాటేనా అది? బాధపడకు. కొత్త ఊరు, కొత్త హాస్టలు, చేరి మూడు నెలలు కాలేదు. నాకు తెలుసు.

ముందు ఆ పిల్లల సంగతి. వాళ్ళ మీద విసుక్కోకు. ఏ యూనివర్సిటీ లైబ్రరీలో చూసినా ఇప్పుడు వాళ్ళే. పాడేరు నుంచో పలాస నుంచో వచ్చి, ఇరుకు గదిలో నలుగురు సర్దుకుని, ఫ్యాను కింద ఒక బల్ల దొరికితే చాలనుకునే పిల్లలు. లైబ్రరీ వాళ్ళది కూడా. నీకు కావలసింది బల్ల కాదు, లోపలి అరలు. హాల్లో కాలు పెట్టే చోటు లేని రోజున కూడా పాత పుస్తకాల అరల మధ్య మనిషి ఉండడు. అక్కడికి వెళ్ళు.

ఇంకో కబురు. వచ్చే నెల 14 నుంచి 20 దాకా జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు. ఏటా వచ్చేవే అనుకోకు. నీ ఆంధ్రా యూనివర్సిటీ 1926 ఏప్రిల్ 26న బెజవాడలో పుట్టింది. 1930లో వాల్తేరు కొండమీదికి వచ్చింది. వచ్చే ఏప్రిల్‌కి నూరేళ్ళు నిండుతాయి. నూరేళ్ళ పండగ ముంగిట్లో వస్తున్న వారోత్సవాలు ఇవి. ఇలాంటప్పుడు మామూలు రోజుల్లో తాళం వేసి ఉంచే బీరువాల్లోంచి పాత ముద్రణలు, తాటాకు ప్రతులు తీసి బల్లల మీద పరుస్తారు చాలా చోట్ల. డేటాబేసులు వాడటం నేర్పే క్లాసులు పెడతారు. మీ దగ్గర ఏ రోజు ఏముందో నోటీసు బోర్డు చూడు. వాట్సాప్ గ్రూపులో వస్తుందిలే అని ఊరుకోకు. స్వయంగా వెళ్ళి చూడు.

మీ లైబ్రరీ గుమ్మం మీద ఉన్న పేరు ఎవరిదో తెలుసుకున్నావా? వాసిరెడ్డి శ్రీకృష్ణ గారు. ఆర్థికశాస్త్రం మనిషి. 1949 నుంచి 1961 దాకా వైస్ ఛాన్సలర్‌గా ఉన్నారు. ఆయన కంటే ముందు రోజుల్లో అక్కడ లైబ్రేరియన్‌గా ఉన్నది అబ్బూరి రామకృష్ణారావు గారు. కవి, నాటకాల మనిషి. పుస్తకాలకు కాపలా కాసే ఉద్యోగి అని ఎవరైనా అనుకుని ఉంటే ఎంత పోగొట్టుకుని ఉంటారో ఆలోచించు. కౌంటరు వెనక కూర్చున్న మనిషి లోపల ఏముందో మనకు పైకి కనబడదు. పలకరిస్తేనే బయటికొస్తుంది.

నీ విషయానికే వస్తాను. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టిందనీ, అయ్యంకి వెంకట రమణయ్య గారి పూనికతో 1919లో మద్రాసులో అఖిల భారత స్థాయిలో గ్రంథాలయ మహాసభ జరిగిందనీ నువ్వే నాకు చెప్పావు. బాగుంది. ఇప్పుడు 1935 దగ్గర కాస్త ఆగు. ఆ ఏడాదే పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువలో పడవ మీద పుస్తకాలు పెట్టి ఊరూరికీ పంపారు. ఆ ఏడాదే నువ్వు చదువుతున్న యూనివర్సిటీ గ్రంథాలయ శాస్త్రంలో కోర్సు పెట్టింది. ఒక పక్క కాలువ గట్టున పుస్తకం కోసం ఎదురుచూసే రైతు, ఒక పక్క వర్గీకరణ నేర్చుకుంటున్న కుర్రవాడు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడు. నా మాట విను, అక్కడ నీకో అధ్యాయం ఉంది.

ఇప్పుడు నా కథ చెప్తాను. మీ అమ్మకు కూడా ఇది పూర్తిగా తెలియదు.

నీ యూనివర్సిటీలోనే నేను రీసెర్చ్‌లో చేరింది 1988లో. కోనసీమ పల్లెటూరి నుంచి వెళ్ళినదాన్ని. ఎవరినైనా ఏదైనా అడగాలంటే గొంతు పెగిలేది కాదు. అప్పట్లో కంప్యూటర్లు లేవు. చెక్క సొరుగుల్లో వరసగా కార్డులు ఉండేవి, ఒక్కొక్కటీ వేలితో తిప్పుకుంటూ వెతకాలి. కార్డు కనబడితే నంబరు రాసుకునేదాన్ని. అరలో పుస్తకం కనబడకపోతే మారు మాట్లాడకుండా గదికి వచ్చేసేదాన్ని. కౌంటరు దగ్గర తెల్లచొక్కా వేసుకుని ఒక పెద్దాయన కూర్చునేవారు. ఆరు నెలలు ఆయన ముందు నుంచి తలవంచుకుని నడిచాను.

నా పనికి ప్రాణం లాంటి పుస్తకం ఒకటి దొరికింది. పాతది, ఒక్కటే ప్రతి, బయటికి ఇవ్వరు. రోజూ అక్కడే కూర్చుని రాసుకోవాలి. మర్నాటికి ఇంకెవరైనా తీసుకుంటే? ఆ భయంతో సాయంత్రం వెళ్ళేటప్పుడు దాన్ని తెలుగు అరల్లో పెట్టకుండా, వృక్షశాస్త్రం అరలో, పై వరసలో, పుస్తకాల వెనక దాచేదాన్ని. పొద్దున్నే వెళ్ళి తీసుకునేదాన్ని. తెలివైన పని చేశాననుకున్నాను బుజ్జీ. సంక్రాంతికి ఇంటికి వెళ్ళాను. కామెర్లు పట్టుకున్నాయి. రెండు నెలలు మంచం దిగలేదు.

తిరిగి వెళ్ళేసరికి ఆ పెద్దాయన అరల మధ్య బల్ల వేసుకుని, ఒక్కొక్క పుస్తకం తీసి వెనక చెయ్యి పెట్టి చూస్తున్నారు. ఎవరితోనో అంటున్నారు, "తప్పు అరలో పెట్టిన పుస్తకం పోయిన పుస్తకమే బాబూ" అని. నా పుస్తకమే. శ్రీకాకుళం కుర్రాడొకడు, నాకంటే ఏడాది జూనియర్, అది కావాలని నెలన్నర నుంచి తిరుగుతున్నాడట. వాడికి స్కాలర్‌షిప్ గడువు దగ్గరపడింది. ఆ పుస్తకం లేకుండానే అధ్యాయం ముగించి ఇచ్చేశాడని తర్వాత తెలిసింది.

అప్పటికైనా నోరు విప్పి చెప్పానా? లేదు. ఆ మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు దాన్ని తీసి, దాని చోట్లో పెట్టి వచ్చేశాను. మర్నాడు పెద్దాయన ముఖంలో సంతోషం చూశాను. కుర్రాడికి కబురు పంపారు. వాడి పని అప్పటికే అయిపోయింది. వాడికి నేను ఇప్పటికీ చెప్పలేదు.

కొన్నాళ్ళకు ఇంకో పుస్తకం కోసం, ఇక గత్యంతరం లేక, ఆ పెద్దాయన్ని అడిగాను. "ఇది రోజూ కావాలండీ, ఎలా?" అన్నాను. "దానికేముందమ్మా, ఒక చీటీ రాసివ్వు, సాయంత్రం నా దగ్గర పెట్టి పొద్దున్నే ఇస్తాను" అన్నారు. అంతే. ఒక్క చీటీ. ఒక్క మాట అడిగి ఉంటే నేను దొంగను అయ్యేదాన్ని కాదు, ఆ కుర్రాడి అధ్యాయం కుంటిది అయ్యేది కాదు. ఆ తర్వాత ఆయనే నన్ను లోపలికి తీసుకెళ్ళి పాత పత్రికల బైండ్లు చూపించారు. అలాంటివి ఉన్నాయని నాకు ఏ కార్డూ చెప్పలేదు. నా థీసిస్‌లో పనికొచ్చే సగం అక్కడే దొరికింది.

నీకూ నా బిడియమే వచ్చింది. చిన్నప్పుడు కొట్లో చాక్లెట్ అడగమంటే నా కొంగు వెనక దాక్కునేదానివి. అందుకే ఇంతగా చెప్తున్నాను. అడగవే తల్లీ. ఎవరూ కొరకరు.

ల్యాప్‌టాప్‌లో అన్నీ ఉన్నాయన్నావు కదా, సరే, దాని గురించీ మాట్లాడుకుందాం. ఈ జనవరి 1 నుంచి 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' మొదలైంది. ముప్పై ప్రచురణ సంస్థల పత్రికలు, పదమూడు వేల దాకా, ప్రభుత్వ యూనివర్సిటీల్లో చదివేవాళ్ళందరికీ ఉచితం. మూడేళ్ళకు కేంద్రం ఆరు వేల కోట్లు కేటాయించింది. మా రోజుల్లో ఒక వ్యాసం జిరాక్స్ కోసం మద్రాసుకు ఉత్తరం రాసి నెల ఎదురుచూశాం. నీకు అరచేతిలోకి వచ్చింది. హాస్టల్ గదిలో కూడా అది తెరుచుకోవాలంటే ఏం చెయ్యాలో అడుగు. ఎవర్ని? లైబ్రరీలోనే. కానీ బుజ్జీ, ఆ పదమూడు వేలలో నీ పడవ గ్రంథాలయం ఎంతవరకు దొరుకుతుంది? నీ సరుకు తెలుగులో, మాసిపోయిన కాగితం మీద, పేరు సరిగ్గా ఎక్కని చోట ఉంది.

పేరు అన్నాను కాబట్టి ఇదొకటి గుర్తుపెట్టుకో. తెలుగు పుస్తకాల పేర్లు కేటలాగులో ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కిస్తారు. ఒకరు 'గ్రంథాలయ'లో 'థ'కి టీ హెచ్ వేస్తారు, ఒకరు డీ హెచ్ వేస్తారు. అయ్యంకి వారిని ఒకరు 'ఏ'తో, ఒకరు 'ఐ'తో మొదలుపెడతారు. ఒకసారి కొట్టి రాలేదని "లేదు" అని రాసుకోకు. నాలుగు రకాలుగా కొట్టు. అప్పటికీ రాకపోతే లేచి వెళ్ళి అర చూడు. డ్యూయీ పద్ధతి వాడే చోట గ్రంథాలయాల పుస్తకాలు 020 నుంచి 027 దాకా ఉంటాయి. ఉద్యమకారుల జీవితచరిత్రలు 920లో ఉంటాయి, పత్రికల చరిత్ర 079లో ఉంటుంది. ఒక్క అరనే నమ్ముకుంటే నీ థీసిస్ ఒంటికాలి మీద నిలబడుతుంది.

శోధగంగలో పాత థీసిస్‌లు చూస్తున్నావని విన్నాను. చూడు, తప్పకుండా చూడు. వాటి చివర ఉండే గ్రంథసూచి ముందు చదువు. కానీ వాటిలోంచి పేరాలు ఎత్తిపెట్టకు. 2018 యూజీసీ నిబంధనల్లో పోలిక 10 శాతం దాటితే శిక్ష మొదలు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. నువ్వలా చెయ్యవని తెలుసు. అయినా రాత్రి రెండు గంటలప్పుడు, గైడు అడిగిన అధ్యాయం పొద్దున్న ఇవ్వాల్సి ఉన్నప్పుడు, మనిషి వేరేగా ఉంటుంది. అందుకని ముందే చెప్తున్నాను.

రాసుకున్న ప్రతి వాక్యం కింద పుస్తకం పేరు, ముద్రణ ఏడాది, పేజీ నంబరు వెయ్యి. అక్కడే, అప్పుడే. నేను "తర్వాత వేద్దాంలే" అని మూడు నోట్‌బుక్కులు నింపాను. చివర్లో ఒక్క పేజీ నంబరు కోసం ఇక్కడి నుంచి విశాఖకు మూడుసార్లు రైలెక్కాను. అప్పటికి మా అబ్బాయి చంటివాడు, వాణ్ణి మీ అమ్మ దగ్గర వదిలి.

యూనివర్సిటీ లైబ్రరీతోనే ఆగిపోకు. వేటపాలెం సారస్వత నికేతనం ఉంది, 1918లో పెట్టింది. గాంధీజీ 1929లో శంకుస్థాపన చేశారు. పాత పత్రికలకు అది పెట్టింది పేరు. మా ఊళ్ళో గౌతమీ గ్రంథాలయం ఉంది. 1898 నాటి వసురాయ గ్రంథాలయం దానికి మూలం. రత్నాచల్ రైలెక్కితే సాయంత్రానికి మా ఇంట్లో ఉంటావు. రెండు రోజులు ఉండు. గౌతమికి నేను తీసుకెళ్తాను, వంట బాబాయి చూసుకుంటారు. ఉత్తరం ముక్క తీసుకుని రా, డిపార్టుమెంటు వాళ్ళ సంతకంతో. అది ఉంటే ఎక్కడైనా పని సులువవుతుంది.

తిండి మానకు. రాత్రిళ్ళు బీచ్ రోడ్డు వైపు ఒంటరిగా వెళ్ళకు. పాత పుస్తకాలు తిప్పేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకో, నీకు దుమ్ము పడదు. పుస్తకం మీద పెన్నుతో గీత పెట్టావని తెలిస్తే ఊరుకోను.

నవంబరు 14 శుక్రవారం. నేను గురువారం రాత్రికే విశాఖ వస్తున్నాను, టిక్కెట్టు తీసుకున్నాను. సున్నుండలు తెస్తాను. పొద్దున్నే ఇద్దరం లైబ్రరీకి వెళ్దాం. నీ నోట్‌బుక్ తీసుకురా, పేజీ నంబర్లు చూస్తాను. కౌంటరు దగ్గర నీ వెనక నిలబడతాను. అడగాల్సింది మాత్రం నువ్వే.

ఇట్లు,
మీ పిన్ని