ఒకే రిమోటు, ఇంటి కంప్యూటరు

టెలివిజనుకొకటి, స్టీరియోకొకటి, సినిమాలు చూపు కంప్యూటరునకు కీబోర్డు - ఇన్ని ఉన్న ఇంట పెద్దలకు పాట వినుటయే కష్టమగును. అన్నింటికీ యూనివర్సల్ రిమోటు ఒక్కటే చాలునట్లు చేయు విధమును మనము పరిశీలింతము.

మీట నొక్కగనే రిమోటు కంటికి కానరాని పరారుణ కాంతిని, సాధారణముగా సెకనుకు 38,000 మార్లు మినుకుమను జల్లులుగా పంపును. ఎన్.ఇ.సి. పద్ధతిలో జల్లుల నడుమ విరామము చిన్నదైన సున్న, పెద్దదైన ఒకటి. ఒక్కొక్క సంకేతమునకు ఇట్టి అంకెలు 32: పరికరపు చిరునామా 8, దాని విలోమము 8, ఆజ్ఞ 8, దాని విలోమము 8. విలోమము సరిపడనిచో సంకేతము చెడినదని తెలియును.

రిమోటు పంపునది అంకెలనే. వాటికి అర్థము నిచ్చునది కంప్యూటరు. కావున మొదట ఇంట మరే పరికరమునకూ లేని చిరునామాను రిమోటులో ఎంచుకొనవలెను. లేనిచో ఒక్క మీటకు రెండు పరికరములు కదలును. పిమ్మట కంప్యూటరునకు పరారుణ గ్రాహకమును తగిలించి, లినక్సులో లిర్క్ వంటి సాధనముతో ప్రతి మీట సంకేతమును గుర్తించి, 'ఆడించు', 'నిలుపు' మున్నగు ఆజ్ఞలతో పట్టికలో జతపరుపవలెను.

మొదట అయిదారు మీటలే చాలును. పెద్దలు ఒకరి నడుగక తమకు నచ్చిన పాటను తామే పెట్టుకొన్న నాడు మన శ్రమ ఫలించినట్లే.