డిస్ట్రోఫిన్ – కండర కణానికి లంగరు

కణమనగానే పలుచని పొరలో నిండిన ద్రవమని మనం తలుస్తాము. కాని ఆ పొర లోపల ఆక్టిన్ మొదలగు ప్రోటీను పోగులతో అల్లిన కట్టడమొకటి గలదు. కండర కణములలో ఆ కట్టడాన్ని పొరకు బంధించునది డిస్ట్రోఫిన్. దీని ఒక కొన ఆక్టిన్ పోగును, మరొక కొన పొరలోని ప్రోటీన్ల సమూహాన్ని పట్టుకొని ఉంటుంది. 3685 అమినో ఆమ్లములు గల ఈ అణువును 1987లో అమెరికాలో కుంకెల్ బృందం గుర్తించింది.

డిస్ట్రోఫిన్ లోపించినచో కండరం ముడుచుకొన్నపుడెల్ల పొర చిరుగుతుంది. కాల్షియం లోనికి చొరబడి, క్రమంగా కణం నశిస్తుంది. ఇదియే డుషెన్ కండర క్షీణత. సుమారు 5000 మంది మగ శిశువులలో ఒకరికి ఇది వస్తుంది. బాలుడు నేలపై నుండి లేచునపుడు తొడలపై చేతులు ఆనించి లేవడం దీని ముఖ్య లక్షణం.

ఇట్టి బిడ్డ కలిగితే మేనరికమే కారణమనడం, తల్లిని నిందించడం మన మెట్‌పల్లి ప్రాంతమందును కద్దు. రెండూ తగవు. ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోముపై ఉన్నది. మగబిడ్డకు అది తల్లి నుండి మాత్రమే వస్తుంది గనుక దంపతుల చుట్టరికంతో నిమిత్తం లేదు. సుమారు మూడింట ఒక వంతు రోగులలో లోపం తల్లిలో లేకనే కొత్తగా పుడుతుంది. తల్లి వాహకురాలైనను అది ఆమె దోషం కాదు. కావున నిందకు బదులు హైదరాబాదులోని నిమ్స్ వంటి చోట జన్యుపరీక్ష చేయించుట మేలని మా విన్నపం. నిజం తెలిసినచో మరుసటి కాన్పుకు ముందే తగు సలహా పొందవచ్చును.