ఆకర్షణము – అనురాగము

మనస్సునందు కలుగు సంచలనము వేఱు; మనుష్యుని గూర్చి కలుగు ఎఱుక వేఱు. ఈ భేదమును గుర్తింపకపోవుటచే పెక్కు కాపురములు దుఃఖమునకు పాలగుచున్నవి. గుండె దడదడలాడుటయే ప్రేమకు సాక్ష్యమని యువజనులు తలంచుచున్నారు. జాతకములు కుదురుటయే దాంపత్యసౌఖ్యమునకు సాక్ష్యమని పెద్దలు తలంచుచున్నారు. ఈ యుభయవాదములను కొంతసేపు ప్రక్కనుంచి, మనశ్శాస్త్రజ్ఞులు పరీక్షించి కనుగొనిన సంగతులను మనము విచారింతము.

మొదటిది సామీప్యము. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమువారి వెస్ట్‌గేట్ వసతులలో కాపురమున్న వివాహిత విద్యార్థుల మైత్రులను గూర్చి ఫెస్టింజర్, షాక్టర్, బాక్ అను మువ్వురు పండితులు 1950లో ఒక గ్రంథమును ప్రకటించిరి. ఒకే యంతస్తునందు ప్రక్కవాకిటివారు నూటికి 41 పాళ్లు స్నేహితులుగా ఎన్నుకొనబడగా, ఆవలి కొననున్నవారు నూటికి 10 పాళ్లు మాత్రమే ఎన్నుకొనబడిరి. కొలది అడుగుల దూరమే ఇంతటి భేదమునకు కారణమయ్యెను. మాటిమాటికి చూచుట మాత్రముననే ఇష్టము పెరుగునని 1968లో రాబర్ట్ జయాన్స్ అను శాస్త్రజ్ఞుడు చూపెను. కావున నిత్యము కంటబడువారిపై మనకు కలుగు మక్కువ యంతయు వారి సుగుణములకు కొలబద్ద కాజాలదు.

రెండవది ఉద్వేగభ్రాంతి. కెనడా దేశమున వాంకూవర్ నగర సమీపమునందు కపిలానో నదిపై 450 అడుగుల పొడవును, 230 అడుగుల యెత్తును గల యూగెడు వంతెన కలదు. 1974లో ప్రకటింపబడిన యొక పరీక్షలో డటన్, ఆరన్ అను పండితులు ఆ వంతెనపై నడచు పురుషులను ఒక యువతిచే ప్రశ్నింపజేసి, ఆమె టెలిఫోను సంఖ్యను వారికిప్పించిరి. సంఖ్యను గైకొనిన 18 మందిలో 9 మంది పిదప ఆమెతో మాటలాడ యత్నించిరి. సమీపముననే తక్కువ యెత్తున నున్న గట్టి వంతెనపై సంఖ్య గైకొనిన 16 మందిలో ఇద్దరే యట్లు చేసిరి. ఊగెడు వంతెనను దాటి పదినిమిషములకు పైగా విశ్రమించినవారియందు ఈ యుత్సాహము తగ్గియుండెను. భయముచే కలిగిన గుండెదడను ఆ యువతిపై మోహముగా వారు భ్రమించిరని పరీక్షకుల యభిప్రాయము. పరీక్ష చిన్నది, కారణమును గూర్చి పండితులలో భేదాభిప్రాయములును కలవు. అయినను ఉద్వేగము శాంతించువఱకు నిర్ణయమును ఆపుట మేలని దీనివలన గ్రహింపవచ్చును.

మూడవది పరస్పర నివేదనము. ఆ యారనే 1997లో తన మిత్రబృందముతో గూడి, అపరిచితులను జంటలుగా కూర్చుండబెట్టి, తేలిక విషయములతో మొదలై క్రమముగా హృదయాంతరమునకు చేరు 36 ప్రశ్నలకు ముప్పావుగంటసేపు ఒకరికొకరు ఉత్తరములు చెప్పుకొనునట్లు చేసెను. పైపై మాటలతో కాలము గడపిన జంటలకంటె వీరియందు సాన్నిహిత్యము హెచ్చుగా కలిగెను. అడుగుట, ఆలకించుట, తన లోపలి సంగతిని దాచక చెప్పుట అనునవి మనకు వశమైన కార్యములే.

ఇక పెద్దలు కుదిర్చిన వివాహము మేలా, ప్రేమవివాహము మేలా? ఈ ప్రశ్నకు మన దేశమునందే ఒక పరిశోధన జరిగెను. 1982లో గుప్త, సింగ్ అనువారు జయపురమున 50 జంటలను విచారింపగా, ప్రేమవివాహములందు ఆరంభమున హెచ్చుగా నుండిన యనురాగము ఐదేండ్ల పిదప తగ్గియుండెను. పెద్దలు కుదిర్చిన వివాహములందు అది పెరిగియుండెను. దీనినిబట్టి పెద్దలు విజయగర్వమును పొందనక్కఱలేదు. అమెరికాలో నివసించు భారతీయులను గూర్చి 2012లో వెలువడిన పరిశోధనమున ఈ రెండు తెగల దంపతుల ప్రేమయందును తృప్తియందును భేదము కానరాలేదు. కొలది జంటల లెక్కలతో ఈ వ్యాజ్యము తీరదు. వివాహము కుదిరిన తీరు ఒక్కటియే దాంపత్యసుఖమును నిర్ణయింపదని మాత్రము మనము నిశ్చయింపవచ్చును.

కావున తల్లిదండ్రులకు మా మనవి యొక్కటి. మీ బిడ్డలకు సంబంధము చూచునపుడు, ఆ యిరువురు ఏకాంతమున, ఒక్క గడియ కాదు, పలుమాఱులు నిర్భయముగా సంభాషించుటకు అవకాశమిండు. వలదని వారిలో నెవ్వరు పలికినను ఆ మాటను మన్నింపుడు. మఱియు కన్యక మౌనమును అంగీకారముగా గ్రహింపకుడు. పరువు పేరిట అణచబడిన యొక్క మాట జీవితకాలమంతయు బాధింపగలదు.

యువజనులకును ఒక మాట చెప్పవలసియున్నది. మీ హృదయసంచలనమును మేము నిందింపము. అది సహజము, రమ్యము. కాని దానినే తీర్పుగా గొనకుడు. మీరు వరించినవారు అలసియున్నపుడు ఎట్లు మాటలాడుదురు? తమకంటె బలహీనులయెడ ఎట్లు మెలగుదురు? మీరు కాదన్నపుడు ఎట్లు సహింతురు? ఈ మూటిని ఓపికతో పరిశీలింపుడు. పిమ్మట అవే ప్రశ్నలను మిమ్ములను గూర్చియు వేసికొనుడు.