గెడ్డ దాటి, కనుమ ఎక్కి

పిల్లలూ, కిందటి ఏడాది ఏడో తరగతి వ్యాసాలు దిద్దుతూ నేనొక తప్పు చేశాను. "మా తాతగారి ఊరి పక్కన గెడ్డ పారుతుంది" అని ఒక అమ్మాయి రాసింది. వాళ్లది శ్రీకాకుళం వైపు. నేను ‘గెడ్డ’ చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి, పైన ‘వాగు’ అని రాశాను. నేను పుట్టింది గుంటూరు జిల్లాలో. మాకు వాగే తెలుసు. పుస్తకాలు పంచినప్పుడు పక్కవాళ్లు "గెడ్డమా?" అని నవ్వారు. ఆ తర్వాత ఆ అమ్మాయి తెలుగు పీరియడ్‌లో నోరు విప్పడం తగ్గించేసింది. ఎందుకో నాకప్పుడు తోచలేదు.

డిసెంబరు సెలవుల్లో విశాఖపట్నంలో ఉన్న మా తమ్ముడి దగ్గరికి వెళ్లాను. వాడికి సైకిళ్ల పిచ్చి. "అక్కా, అరకు దాకా తొక్కుదాం, రెండు రోజులు చాలు" అన్నాడు. దూరం సుమారు 115 కిలోమీటర్లు. బదిలీల మీద ఊళ్లు తిరిగానే గానీ, ఏ ఊరినీ సైకిలు మీద చూడలేదు. సరేనన్నాను.

తెల్లవారుజామున బయల్దేరాం. పెందుర్తి వైపు వెళ్తుండగా వాడు మాటల్లో, "మేఘాద్రి గెడ్డ జలాశయం ఇక్కడికి దగ్గరే. విశాఖకి నీళ్లు వెళ్లేది అందులోంచి కూడా" అన్నాడు. తొక్కడం ఆపేశాను. ఒక నగరానికి నీళ్లిచ్చే జలాశయం పేరులో ఉన్న మాటను నేను తప్పని దిద్దాను!

శృంగవరపుకోట వరకు కష్టం లేదు. రాత్రి అక్కడే ఉన్నాం. అసలు పని మర్నాడు.

కొండ మొదలవగానే మా తమ్ముడు "అక్కా, గేరు ముందే మార్చు" అని అరిచాడు. ఎక్కుడులో పడ్డాక మారిస్తే చైను కరకరలాడి జారుతుందట. లెక్క మీకూ తెలిసిందే. పెడల్ దగ్గరి పళ్ల చక్రానికి 32 పళ్లు, వెనక దానికీ 32 ఉంటే పెడల్ ఒక చుట్టుకు వెనక చక్రం ఒకే చుట్టు తిరుగుతుంది. సైకిలు 2 మీటర్లు పైచిలుకు కదులుతుంది. వెనక 16 పళ్లదానికి మారిస్తే రెండు చుట్లు, 4 మీటర్ల పైన. కొండ మీద మొదటిదే దిక్కు. ఒక్కో తొక్కుకు బలం తక్కువ చాలు, కానీ తొక్కులు రెట్టింపు. చేయాల్సిన పని ఏమీ తగ్గదు, అప్పును చిన్న వాయిదాల్లో తీర్చినట్టు. ఆ వాయిదాలు నా మోకాళ్లకి బాగా గుర్తున్నాయి.

ఇక కనుమ. సాంఘిక శాస్త్రంలో ‘తూర్పు కనుమలు’ అని చదువుతారు. మీలో చాలామందికి కనుమంటే సంక్రాంతి మర్నాటి పండగే, గారెలే. కొండల నడుమ దారి దొరికే చోటు కూడా కనుమే. ఆ సంగతి ఒక టీ కొట్టు దగ్గర చూపించుకోబోయాను. "కనుమ ఇంకా ఎంత దూరమమ్మా?" అని అడిగితే అక్కడి పెద్దామె వేళ్లు లెక్కపెట్టి, "సంకురాత్రికి ఇంకా ఇరవై రోజులుంది కదమ్మా" అంది! మా తమ్ముడు నవ్వాపుకోలేక "ఘాటీ గురించి అడుగుతోందమ్మా" అన్నాడు. "ఓలమ్మ, ఘాటీయా? ఇంకా శానా ఉంది" అంది ఆమె. ఈసారి సున్నా చుట్టించుకున్నది నేను.

అనంతగిరి దగ్గర కాఫీ తోటలు. కాఫీ మొక్కకు నీడ కావాలి. అందుకే పైన ఎత్తైన సిల్వర్ ఓక్ చెట్లు పెంచుతారు, వాటికి మిరియాల తీగలు అల్లిస్తారు. ఒకే నేలలో మూడు అంతస్తుల పంట! తర్వాత గాలికొండ. పేరు ఎందుకొచ్చిందో చెమటపట్టిన చొక్కాకి వెంటనే తెలిసింది. వెయ్యి మీటర్లు ఎక్కితే దాదాపు 6 డిగ్రీలు చల్లబడుతుంది. ఆ పైన సుంకరిమెట్ట. చూశారా, కొండ, మెట్ట, గిరి, అన్నీ ఊళ్ల పేర్లలోనే ఉన్నాయి.

దిగుడు సుఖమనుకోకండి. బ్రేకు వదలకుండా నొక్కి ఉంచితే చక్రపు అంచు వేడెక్కి ట్యూబు పేలిపోవచ్చు. మలుపుకు ముందే రెండు బ్రేకులూ కాస్త కాస్త నొక్కి వదలాలి. అరకు లోయలోకి దిగేసరికి పొలాల నిండా పసుపుపచ్చని వలిసె పూలు. వాటిని చూస్తూ ఒకసారి గుంటలో పడబోయాను కూడా.

బడి తెరిచాక ఆ అమ్మాయి పుస్తకం అడిగి తీసుకున్నాను. నా దిద్దుబాటును కొట్టేసి, పక్కన సంతకం పెట్టి, మేఘాద్రి గెడ్డ కథ తరగతికంతా చెప్పాను. ఆ అమ్మాయి లేచి, "అయితే మార్కు కలుపుతారా మేడమ్?" అంది. కలిపాను.

మీకొక పని. ఈ ఆదివారం అమ్మమ్మకో నాయనమ్మకో ఫోన్ చేసి, వాళ్ల ఊళ్లో చిన్న ఏరును ఏమంటారో అడగండి. వాగు, గెడ్డ, రాయలసీమవాళ్లయితే వంక, ఇంకేమైనా సరే. ఆ మాటతో అయిదు వాక్యాలు రాసుకురండి. ఈసారి పెన్సిలుతో దిద్దుతాను.