పచ్చసొన చెప్పే పాము విషం కథ

ఒక సీసాలో కొంచెం కొబ్బరినూనె, కొంచెం నీళ్లు పోసి బాగా గిలకొట్టండి. (చలికాలమైతే నూనెను ముందు ఎండలో పెట్టాలని కోనసీమ పిల్లలకు చెప్పనక్కరలేదు.) కాసేపటికి రెండూ విడిపోతాయి. ఇప్పుడు అందులో చెంచాడు కోడిగుడ్డు పచ్చసొన వేసి మళ్లీ గిలకొట్టండి. ఈసారి నూనె అంత తొందరగా పైకి తేలదు. కారణం పచ్చసొనలో ఉన్న లెసిథిన్. ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు గోబ్లే 1850లో దానికి ఈ పేరు పెట్టాడు. గ్రీకు భాషలో లెకిథోస్ అంటే పచ్చసొనే.

లెసిథిన్ అణువుకు ఒక తల, రెండు తోకలు ఉంటాయనుకోండి. భాస్వరం ఉన్న తల నీటితో కలుస్తుంది. కొవ్వు ఆమ్లాల తోకలకు నీరు గిట్టదు. ఇటువంటి పదార్థాలను ఫాస్ఫోలిపిడ్లు అంటారు. మన కణాల చుట్టూ ఉండే పలుచని పొరలో ఇవి తోకలు లోపలికి, తలలు బయటికి ఉండేటట్లు రెండు వరుసలుగా అమరి ఉంటాయి. గోర్టర్, గ్రెండెల్ అనే డచ్చి శాస్త్రజ్ఞులు 1925లో ఎర్ర రక్తకణాల నుండి కొవ్వును తీసి నీటిమీద పరిచారు. అది కణాల ఉపరితలానికి రెండింతలు పరుచుకుంది! అదే సంవత్సరం, గోదావరి అవతల భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్కేతో కలిసి, నీలిరంగు గాఢతను బట్టి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. ఫాస్ఫోలిపిడ్ల లెక్క తేల్చడానికి అది ఎంతో ఉపకరించింది.

ఇంత పొందికైన ఈ పొరను చెదరగొట్టేదే పాము విషం. కోతల రోజుల్లో చేలల్లోనూ, తోటల్లో కొబ్బరి మట్టల పోగుల కిందా పాములుంటాయని మీకు తెలుసు. నాగుపాము, రక్తపింజర విషాలలో ఫాస్ఫోలైపేజ్ ఎ-2 అనే ఎంజైము ఉంది. అది లెసిథిన్ రెండు తోకల్లో ఒకదాన్ని కత్తిరిస్తుంది. ఒంటి తోకతో మిగిలినదాన్ని లైసోలెసిథిన్ అంటారు. అది సబ్బులాగా పనిచేసి పొరను కరగదీస్తుంది. ఎర్రకణం పగిలి హీమోగ్లోబిన్ బయటపడుతుంది. విచిత్రమేమంటే, తిన్న గుడ్డును అరిగించడానికి మన క్లోమం కూడా ఇలాంటి ఎంజైమునే తయారుచేస్తుంది.

అయితే విషం చేసే హాని అంతా దీనివల్లనే కాదు. నాగుపాము విషంలోని వేరే పదార్థాలు కండరాలను చచ్చుబరచి ఊపిరి ఆపుతాయి. రక్తపింజర విషం వల్ల రక్తం గడ్డకట్టదు. ఆసుపత్రిలో కొంచెం రక్తాన్ని పొడి గాజు గొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచి చూసేది ఇందుకే.

మంత్రం వేయించినా, గాయం కోసినా, తాడు బిగించి కట్టినా ఆ ఎంజైము ఆగదు. కాటుపడిన కాలు కదపనీయకుండా, అమలాపురమో రాజోలో కొత్తపేటో, ఏది దగ్గరైతే అక్కడి ప్రభుత్వ ఆసుపత్రికి వెంటనే చేర్చాలి. విషానికి విరుగుడు మందును గుర్రాల రక్తం నుండి తయారుచేస్తారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ అదే మందు. రక్తంలో తిరుగుతున్న విషాన్ని అది పట్టుకుంటుంది గాని, అప్పటికే తెగిన తోకలను అతికించలేదు. పగిలిన కణాల స్థానంలో ఎముకల మూలుగ కొత్తవాటిని తయారుచేయాలి. దానికి రోజులు పడుతుంది.